నాట్ల కాలంలో రోడ్డెక్కే బురద

ముసురు పట్టిన శ్రావణ మాసం. జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో ఏ దారిన పోయినా నాట్ల సందడే. గోధూరు, వర్షకొండ, డబ్బా, వేములకుర్తి - ఊరు పేరేదైనా దృశ్యం ఒకటే. పొద్దుగూకే వేళకు కరిగెట ముగించుకొని ట్రాక్టర్లు మడుల్లో నుంచి తారు రోడ్డు మీదికి ఎక్కుతాయి. వెనుక చక్రాలకు ఇనుప కేజ్‌వీల్సు. వాటి పట్టీల సందుల్లో తట్టల కొద్దీ బురద. ట్రాక్టరు ఊరు చేరేలోపు ఆ బురదంతా పెళ్లలు పెళ్లలుగా రోడ్డు మీద రాలిపోతుంది. పైన సన్నగా వాన పడుతూనే ఉంటుంది.

అర్ధగంట తర్వాత ఆ దారిన వచ్చేదెవరు? మెట్‌పల్లిలో యూరియా బస్తా బండి మీద వేసుకొని వచ్చే రైతు. నాటుకు పోయిన కూలీలను ఎక్కించుకొని వచ్చే ఆటో. బీడీల లెక్క అప్పజెప్పి వచ్చే ఆడబిడ్డ, ఆమెను వెనుక కూర్చోబెట్టుకున్న తమ్ముడు. ఎదురుగా లారీ లైటు కండ్లలో పడుతుంది. కాలు బ్రేకు మీద పడుతుంది. ముందు చక్రం పక్కకు పోతుంది. తర్వాత జరిగేది చెప్పనక్కరలేదు.

ఊళ్లో మాత్రం "బండి జారి పడ్డడు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. తాగి నడిపిండేమో, ఆగమాగం పోయిండేమో అని ఇంకొకరు కలుపుతారు. బండి ఎందుకు జారింది, చక్రం రోడ్డును ఎందుకు వదిలింది అని అడిగేవారు తక్కువ. అదే ఈ వారం మన విషయం.

పట్టు అంటే ఏమిటో రైతుకు కొత్తగా నేర్పవలసిన పని లేదు. తడిసిన ఒరం మీద నడిచేటప్పుడు చెప్పులు విడిచి చేతబట్టుకుంటాడు, బొటనవేలు నేలలోకి దించి అడుగు వేస్తాడు. నున్నటి చెప్పుకు, బురదకు మధ్య నీటి పొర చేరితే కాలు నిలవదని అతనికి చిన్ననాడే తెలుసు. టైరు సంగతీ అంతే. ఇద్దరు కూర్చున్న మోటారు సైకిలు వెనుక టైరు ఒక్కో క్షణాన నేలను తాకే జాగా మన అరచేయంత ఉంటుంది. ఆ అరచేయంత రబ్బరే ఇద్దరు మనుషులను, బస్తాను, బండిని దారి మీద నిలబెడుతున్నది. రబ్బరు తారులోని కంకర గరుకును కరిచి పట్టుకుంటుంది. మధ్యలో నీళ్లు వస్తే పట్టు తగ్గుతుంది. ఆ నీటిని పక్కకు నెట్టడానికే టైరు మీద గాట్లు, గుండీలు ఉన్నాయి. అవి అందానికి పెట్టినవి కావు, మడిలో నీళ్లు తీసే కాలువల వంటివి. టైరు అరిగి గుండయిందంటే ఆ కాలువలు పూడిపోయినట్టే.

లెక్క చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, బ్రేకు గట్టిగా పట్టిన తర్వాత పొడి తారు మీద సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. అదే తారు వానకు తడిస్తే దాదాపు 16 మీటర్లు కావాలి. తారు మీద తడి బురద పూత ఉంటే 30 మీటర్లు దాటుతుంది. మనిషి ప్రమాదాన్ని చూసి బ్రేకు పట్టేలోపు గడిచే ఒక సెకనులో బండి పోయే 11 మీటర్లు దీనికి అదనం. వేగం 60కి పెరిగిందంటే బురద మీద బ్రేకు దూరమే 70 మీటర్లు. బురద ఉన్నదని చీకట్లో కనిపించేది ఎంత దూరం నుంచి? మన ఊరి బండ్ల లైట్ల వెలుగులో ఇరవై, ముప్పై మీటర్లు కనిపిస్తే గొప్ప.

అన్ని మట్టులూ ఒకే తీరుగా జారవు. ఎర్రచెల్క మట్టిలో ఇసుక పాలు ఎక్కువ. అది తడిమీద కొంత నయం గానీ, ఎండిన తర్వాత తారు మీద సన్నటి గులకలుగా మిగిలి, బేరింగు గోళీల లాగా చక్రం కింద దొర్లుతుంది. నల్లరేగడి సంగతి వేరు. అందులోని బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో ఐదు వందో వంతు కూడా ఉండవు, పలకల వలె పరుచుకొని ఉంటాయి. పలకకు పలకకు మధ్య నీరు చేరితే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పొలంలో నీళ్లు ఇంకకుండా ఆపే ఆ గుణమే రోడ్డు మీద ప్రాణాల మీదికి తెస్తున్నది. కరిగెట చేయడమంటేనే మట్టిని ఇంకా మెత్తగా నలిపి, ఆ బంకను పైకి తేవడం. అటువంటి మట్టిని తీసుకుపోయి తారుకు పూసినట్టవుతున్నది మన వ్యవహారం.

ఇంకొక మాట. ఎండాకాలం పోయిన తర్వాత మొదటి వానకు రోడ్డు చాలా జారుతుంది. అప్పటిదాకా పేరుకున్న దుమ్ము, ఇంజను నూనె, టైర్ల రబ్బరు పొడి కలిసి ఆ తొలకరి చినుకులకు జిగురులా తయారవుతుంది. బాగా కొట్టిన వాన దానిని కడిగేస్తుంది, చిటపట చినుకులు మాత్రం కలిపి పెడతాయి. అందుకని పెద్ద వాన కంటే తుంపర ఎక్కువ మోసం చేస్తుంది. తొలకరి పడగానే విత్తనాలకు, ఎరువులకు జనం రోడ్ల మీదికి వచ్చేది కూడా అప్పుడే.

ఈ రాసేవాడు కూడా ఒకసారి పడ్డవాడే. అది వానకాలం కాదు, జనవరి నెల. యాసంగి నాట్ల రోజులు, తెల్లవారి మంచు. ఆకాశంలో మబ్బు లేదు, వాన లేదు కదా అని నిబ్బరంగానే పోతున్నాను. రాత్రి ట్రాక్టరు రాల్చిపోయిన మట్టి మంచుకు నానిపోయి ఉన్నది. మలుపులో బండి ఎట్లా పోయిందో తెలియలేదు. మోచేయి చెక్కుకపోవడంతో సరిపోయింది, వెనుక వాహనం లేదు గనుక. బురద కాలం మనకు ఏడాదికి ఒకటి కాదు, రెండు. కాకతీయ కాలువ నీళ్లు, బోర్లు ఉన్న చోట రెండు పంటలకూ ఇదే తిప్పలు.

ఇక ట్రాక్టరు. అసలు ముడి ఇక్కడే ఉన్నది.

"గా ఇనుప చక్రాలు ఇప్పి రోడ్డెక్కరాదా?" అని అడగడం చాలా తేలిక. ట్రాక్టరు నడిపేవాడి వైపు నుంచి చూస్తే ఏమిటి? పొద్దున ఒకరి మడి, మధ్యాహ్నం ఒకరిది, రాత్రి లైట్లు వేసి ఇంకొకరిది. గంటల లెక్కన కిరాయి. కేజ్‌వీల్సు విప్పాలంటే జాకీ కావాలి, పానలు కావాలి, ఇంకొక మనిషి సాయం కావాలి. విప్పడానికి ఒక పూట, ఎక్కించడానికి ఒక పూట కాకపోయినా, గంటన్నర పోతుంది. ఆ గంటన్నరకు పైసలెవరివి? కిరాయికి పెట్టుకున్న రైతు "నా మడి దున్నిన గంటలకే ఇస్త" అంటాడు. ఓనరు "డీజిలు నాది, కిస్తు నాది" అంటాడు. నడుమ డ్రైవరు జీతగాడు. అతనికి ఎన్ని మడులు ముగిస్తే అంత పేరు. ఇప్పి మడి దగ్గర పెట్టిపోదామంటే ఇనుము, పాత సామాను కొనేవాడికి రాత్రికి రాత్రే చేరుతుందని భయం. ఇట్లా ముగ్గురి లెక్కల్లోనూ పడని ఖర్చు నాలుగోవాడి మీద పడుతున్నది. ఆ నాలుగోవాడు చీకట్లో బండి మీద వచ్చేవాడు. అతను కూడా రైతే, ఎక్కువసార్లు అదే ఊరివాడే.

ఆ ఇనుప చక్రం బురద ఒక్కటే మోసుకొస్తుందని కాదు. బురదలో దిగబడి పట్టు దొరకాలని దానికి పట్టీలు పెట్టారు. గట్టి నేల మీద ఆ పట్టీల అంచులే ఆనుతాయి. ట్రాక్టరు రెండు టన్నుల బరువు ఆ సన్నటి అంచుల మీద పడి తారును గీస్తుంది, పెచ్చులు లేపుతుంది. గీతలో నీళ్లు దిగుతాయి, కింద కంకర కదులుతుంది, పై సాలుకు అక్కడ గుంత. తడి తారు మీద ఇనుముకు రబ్బరుకున్న పట్టు లేదు గనుక దిగుడులో ట్రాక్టరే పక్కకు జారే ప్రమాదం ఉన్నది. పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు ఇనుప పట్టా ఎడ్లబండ్లు రోడ్లను కోస్తున్నాయని, రబ్బరు టైర్ల బండ్లు రావాలని ఎంత చర్చ జరిగింది! బెంగుళూరు మేనేజ్‌మెంటు సంస్థ మొదటి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండిని బాగుచేయాలని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. టైరు బండి వచ్చింది, ఎడ్ల మెడ మీద భారం తగ్గింది, తర్వాత ఎడ్లే పోయాయి. ఇప్పుడు ముప్పై, నలభై గుర్రాల బలంతో ఇనుము మళ్లీ రోడ్డెక్కింది.

ఇనుప చక్రాలు లేని ట్రాక్టరుతో కూడా తడి రోడ్డు మీద జాగ్రత్త కావాలి. దాని వెనుక టైరుకు ఉండే పెద్ద పెద్ద గుండీలు మెత్తటి నేలలో దిగడానికి. తారు మీద గుండీల తలలే ఆనుతాయి గనుక, చూడడానికి ఎంత పెద్ద టైరైనా నేలను పట్టే జాగా తక్కువ. బ్రేకులు మామూలుగా వెనుక చక్రాలకే ఉంటాయి. అవి కూడా ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, రెండు పెడళ్లు. మడిలో మూల మలగడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డు మీద ఒక్కటి తొక్కితే బండి గిర్రున తిరుగుతుంది. రెండింటినీ కలిపే కొక్కెం ఒకటి ఉంటుంది. పొలం దాటి రోడ్డెక్కేముందు ఆ కొక్కెం వేయాలి. చాలా ట్రాక్టర్లకు అది తుప్పు పట్టి ఉంటుంది, కొన్నింటికి ఉండనే ఉండదు. వెనుక డబ్బాకు బ్రేకులు ఉండడం అరుదు. ఐదారు టన్నుల వడ్లు, ఇసుక నింపిన డబ్బా, దిగుడులో రెండు టన్నుల ట్రాక్టరును ముందుకు నెడితే, తడి తారు మీద ట్రాక్టరు అడ్డం తిరిగి డబ్బా మీదికి వస్తుంది. దిగుడు రాకముందే చిన్న గేరులో వేసుకొని, ఇంజను పట్టు మీద దిగాలి. న్యూట్రలు చేసి డీజిలు మిగిలించే ఆశ అసలే పనికిరాదు.

చట్టం ఏమంటున్నది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 94వది టైర్ల గురించే. మోటారు వాహనాలకు గాలి టైర్లు ఉండాలని, అవి మంచి స్థితిలో ఉండాలని చెబుతుంది. గాటు లోతు కార్లకు, పెద్ద బండ్లకు 1.6 మిల్లీమీటర్లకు, రెండు మూడు చక్రాల బండ్లకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఆ లెక్కన కేజ్‌వీల్సు రోడ్డు మీద నడవరాదు. ఏటా నాట్లు రాగానే అధికారులు హెచ్చరికలు జారీ చేస్తారు, కొన్ని కేసులు రాస్తారు, జరిమానాలు వేస్తారు. నాట్లు అయిపోగానే అందరూ మరిచిపోతారు. డ్రైవరును పట్టుకొని జరిమానా వేస్తే కాగితం మీద లెక్క తేలుతుందే గాని, విప్పడానికి పట్టే గంటన్నర ఖర్చు ఎవరిదన్న ప్రశ్న అట్లాగే ఉంటుంది.

జరిమానాకంటే ముందు చేయవలసిన పనులు ఉన్నాయి. ఊరి పొలాలకు పోయే బాట తారు రోడ్డును కలిసే చోట పది, పదిహేను మీటర్ల మేర కంకర పరిచి గట్టి చేస్తే, చక్రాల బురద సగం అక్కడే రాలుతుంది. పక్కనే కాలువో, బోరో ఉంటే చక్రాలు కడగడం కష్టం కాదు. రోడ్డును అడ్డంగా దాటి అవతలి మడికి పోవలసి వస్తే పాత టైర్లు, చెక్క పలకలు పరిచి దాటించవచ్చు. రాలిన మట్టిని ఆ సాయంత్రమే పారతో గీకి పక్కకు వేయడం పంచాయతీ పెట్టుకుంటే ఇద్దరు మనుషుల పని. రైతు సంఘాలు కూర్చొని, కరిగెట కిరాయిలోనే చక్రాలు విప్పి ఎక్కించే గంటను కలిపి రేటు ఖాయం చేస్తే, ఒక ఓనరు విప్పి ఇంకొక ఓనరు విప్పక పోటీ పడే స్థితి ఉండదు. ఊరంతా ఒకే మాట మీద నిలబడితేనే ఇది నడుస్తుంది, ఒక్కడు నష్టపోయి మంచివాడనిపించుకునే పద్ధతి నాలుగు రోజులు కూడా నిలవదు.

వానకాలం బురద ఒకటైతే, కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు. అకాల వాన వచ్చినప్పుడు తడిసిన గింజలు, వాటి మీద కప్పిన కవర్లు, అంచులకు పెట్టిన రాళ్లు - చీకట్లో బండి మీద వచ్చేవాడికి ఇవి కూడా బురద వంటివే. వడ్లు రోడ్డు మీద పోయవద్దని చెప్పడం తేలిక. ఎక్కడ పోయాలి? రాష్ట్రంలో ఉపాధి హామీ నిధులతో పొలాల్లో కల్లాలు కట్టారు. ఆ ఖర్చు నిబంధనలకు విరుద్ధమని 151 కోట్ల రూపాయలు తిరిగి కట్టుమని 2022లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాన్ని అడిగింది. కల్లం కట్టుకోవద్దట, రోడ్డు మీద పోయవద్దట. మరి రైతు వడ్లు నెత్తి మీద ఆరబెట్టుకోవాలా?

టైరు మార్చుమని సలహా చెప్పేవారికి టైరు ధర కూడా తెలియాలి. నాటు కూలీలు, మందులు, ఎరువులు అన్నీ ఒక్కసారే మీద పడే ఆషాఢ శ్రావణాల్లోనే టైరు కూడా మార్చాలంటే, మార్చేది ఎవరు? "ఈ సీజను ఎల్లనియ్యి" అంటారు. సీజను ఎల్లేదాకా గుండు టైరు మీదనే. ఈ ధరల వెనుక కథ వేరే ఉన్నది. 2011-12లో లారీ, బస్సు టైర్ల ధరలను కూడబలుక్కొని పెంచారని ఐదు పెద్ద టైర్ల కంపెనీలకు కాంపిటీషన్ కమిషన్ 2018లో దాదాపు 1,788 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు బయటికి వచ్చింది 2022లో. కంపెనీలు అప్పీలుకు పోయాయి. అప్పీలు ట్రిబ్యునలు అదే ఏడు డిసెంబరులో విషయాన్ని మళ్లీ చూడుమని కమిషన్‌కే తిప్పి పంపింది. ఇటు చూస్తే, 2011లో కిలో 200 రూపాయలు దాటిన సహజ రబ్బరు ధర 2016 నాటికి సగానికి పడిపోయి కేరళ చిన్న రైతులు దివాలా తీశారు. రబ్బరు పాలు గీసే రైతుకు ధర దొరకదు, టైరు కొనే రైతుకు ధర దిగదు.

బ్రేకుల్లో కూడా ధనిక, పేద తేడా వచ్చింది. తడిలో చక్రం బిగుసుకొని జారకుండా ఆపే ఎబిఎస్ బ్రేకు, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త మోటారు సైకిళ్లన్నింటికీ తప్పనిసరి అయింది. అంతకు తక్కువ బండ్లకు రెండు బ్రేకులను కలిపి పట్టే సిబిఎస్ ఉంటే చాలన్నారు. మన ఊళ్లలో ఎక్కువగా తిరిగేవి 100 సీసీ బండ్లే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 45 శాతం రెండు చక్రాల బండ్ల మీద పోయేవారు. మొత్తం మరణాల్లో మూడింట రెండు వంతులు పల్లె ప్రాంతాల్లోనే. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్లో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయినప్పుడు దేశమంతా జగిత్యాల వైపు చూసింది. అది తడి వల్ల జరిగింది కాదు. అయితే ఒక్కొక్కరుగా బురద మీద జారి పోయేవారి వైపు ఎవరూ చూడరు.

అంతదాకా మన చేతిలో ఉన్న నాలుగు మాటలు. టైరు గాటు అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే ఆ టైరు పని అయిపోయినట్టు. పక్క గోడ మీద నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. దుకాణంలో ఏళ్ల తరబడి ఎండిన టైరు గుండీలు కొత్తగానే కనిపిస్తాయి గాని, రబ్బరు గట్టిపడి తడి మీద పట్టదు. రీబటన్ టైరు లారీ వెనుక నడిస్తే నడవవచ్చు, మోటారు సైకిలు ముందు చక్రానికి పెట్టవద్దు. గాలి తక్కువ ఉంటే బురదలో పట్టు దొరుకుతుందన్న మాట మడిలో ట్రాక్టరుకు నిజం. తారు మీద నిలిచిన నీళ్లలో వేగంగా పోయే కారుకు అదే మాట శాపం. గాలి తగ్గినకొద్దీ టైరు తక్కువ వేగానికే నీళ్ల మీద తేలిపోతుందని 1960లలో అమెరికాలో విమానాల చక్రాల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. 63వ నంబరు జాతీయ రహదారి మీద కోరుట్ల, మెట్‌పల్లి వైపు కార్లు నడిపే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. బురద కనిపించిన తర్వాత బ్రేకు పడితే లాభం లేదు. కనిపించకముందే వేగం తగ్గి ఉండాలి. బురద మీద ఉన్నంతసేపు బ్రేకు ముట్టవద్దు, హ్యాండిలు తిప్పవద్దు, గేరులోనే నిదానంగా దాటాలి. వెనుక కూర్చున్న ఆడవాళ్లు ఒక పక్కకు కూర్చుంటే బరువు ఒక వైపే పడుతుంది, తడి రోజుల్లో రెండు వైపులా కాళ్లు వేసి కూర్చుంటేనే మంచిది. సిగ్గుపడవలసిందేమీ లేదు, అత్తలు కూడా ఏమీ అనవద్దు.

మొన్న ఒక సాయంత్రం మండలంలోనే ఒక చోట చూశాము. ట్రాక్టరు ఒడ్డున నిలిపి, డ్రైవరు, పొలం రైతు కలిసి కేజ్‌వీలు బోల్టులు విప్పుతున్నారు. రైతు భార్య సెల్‌ఫోను లైటు పట్టుకున్నది. పక్కన నాటు కూలీలు కాళ్లు కడుక్కుంటూ "తొందరగ కానియ్యుండ్రి, మేం పోవాలె" అని గదమాయిస్తున్నారు. విప్పిన చక్రాలను కొట్టంలో పెట్టి తాళం వేసి, రైతు డ్రైవరు చేతిలో ఒక గంట కిరాయి అదనంగా పెట్టాడు. డ్రైవరు లెక్కపెట్టుకొని జేబులో వేసుకొని, బ్రేకు కొక్కెం బిగించి, కూలీల ఆటో ముందు పోనిచ్చి, దాని వెనుక నిదానంగా రోడ్డెక్కాడు.